రెండు దూడలకూ బొట్టు పెట్టిన చిన్నమ్మ

ఆ రోజుల్లో (మరీ పాతకాలం అనుకోకండి, చేతిలో ఫోను ఉన్న రోజులే) నాకు కొత్త ఉద్యోగం, అంతకుమించిన కొత్త హడావిడి. పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరి కొన్ని నెలలే అయింది. ఇందుకూరుపేట చుట్టుపక్కల ఏ గొడ్డు తుమ్మినా నేనే పరిగెత్తాలని ఉండేది. అలాంటి నాకు మా చిన్నాయన ఫోను చేసి, "పాపా, కోడెదూడకి విత్తులు నొక్కాల. బయటోళ్లెందుకు, నువ్వే రా" అన్నాడు. ఎవరి సాయమూ లేకుండా నేను చేయబోయే మొదటి నొక్కుడు! డాక్టరుగారు సరే అన్నారో లేదో బయల్దేరాను. పెళ్లిచూపులకు కూడా నేనంత ఉత్సాహంగా తయారవలేదు.

చిన్నాయన ఫారమంటే నాలుగు ఆవులు, రెండు కోడెదూడలు, సముద్రపు గాలికి ఎప్పుడెప్పుడు ఎగిరిపోదామా అని చూసే రేకుల కొట్టం. దూడలు రెండూ తెల్లగా ఒకే అచ్చు. ముసలావు దూడను ఎద్దును చేసి బండికి అలవాటు చేయాలి కాబట్టి దానికి నొక్కాలి. పాలు దండిగా ఇచ్చే గౌరి కొడుకును మాత్రం ఆబోతుగా ఉంచాలని చిన్నాయన ఆశ. పొరపాటు జరిగితే ఆ ఆశ అంతటితో సరి. అందుకే నొక్కాల్సినదాని నుదుట ముందే గుర్తుగా పసుపు పూశాడట. నేను మత్తుసూదీ, పొడుగు పిడుల పటకారూ పట్టుకుని వెళ్లేసరికి వీధంతా అక్కడే ఉంది. దూడల్ని చూసి నోరు వెళ్లబెట్టాను. రెండింటికీ పసుపు, దాని మీద కుంకుమ!

"ఏందిమే ఇది?" చిన్నాయన అరిచాడు.

"ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే అది మనసు కష్టపెట్టుకోదా?" అంది చిన్నమ్మ. (పాపం, ఆ పసుపు ఎందుకో ఆమెకెవరూ చెప్పలేదు.)

"నా దూడ నాకు తెలీదా? ఇదే! కానియ్ పాపా" అని చిన్నాయన ఒకదాన్ని ముందుకు లాగాడు. వీధిలో సగంమంది అవునన్నారు, సగంమంది కాదన్నారు. నాకేమో చేతులు ఒకటే దురద. మత్తుసూదిలోకి మందు కూడా ఎక్కించేశాను. చిన్నమ్మ అడ్డం వచ్చి, "ఆగు పాపా, తల్లులకాడ ఇడిసి చూడండి, తెలిసిపోతాది" అంది.

విడిచాం. రెండూ తోకలెత్తుకుని గౌరి దగ్గరికే దౌడు తీశాయి (పాలెక్కడ ఎక్కువో వాటికి తెలియదా!). గౌరి ఒకదాన్ని ఆప్యాయంగా నాకింది, రెండోదాన్ని ఒక్క తన్ను తన్నింది. నాకించుకున్నది చిన్నాయన ముందుకు లాగిన దూడే. ఆయన ఉన్నచోటే కూలబడి నుదురు తుడుచుకున్నాడు. నాకేమో ఎక్కడలేని ధైర్యం వచ్చింది. తన్ను తిన్నదానికి మత్తిచ్చి, పని ముగించాను. అప్పటిదాకా మీద పడి చూసిన మగవాళ్లంతా పటకారు మూసుకునే సమయానికి సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచే అమ్మకు ఫోను చేశాను. "అమ్మా, నొక్కేశా! రెండు వైపులా! చిన్నాయన కళ్లు మూసుకున్నాడు!" నా ముందు సీటాయన మెల్లగా లేచి, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఇప్పుడూ అదే పని, అదే బస్సు. ఎలా జరిగిందని అమ్మ అడిగితే, "ఏముందమ్మా, మామూలే" అంటాను. ముందు సీట్లోంచి ఎవరూ లేవరు. ఒక్కోసారి ఎవరైనా లేస్తే బాగుండుననిపిస్తుంది.