ఈరమ్మ చెయ్యి

మల్దకల్ దిక్కు ఆ ఊళ్లో ట్రాక్టర్లు ఎన్ని వచ్చినా, మొదటి సాలు మాత్రం ఎద్దుల గొర్రుతోనే, ఈరమ్మ చేత్తోనే. గొర్రు మీది చెక్కగిన్నెను జడ్డిగం అంటారు. దాని కంతల్లో గింజ మీద గింజ పడకుండా వేళ్లు ఆడిస్తూ, ఆమె గొర్రు వెంట నడిచేది. ఆమె పెట్టిన కంది చేను దువ్వెన పట్టినట్టు లేస్తదని పేరు. ముప్పై ఏండ్లుగా, ఉన్న ఒక్క ఎకరం కాక, ఆమె ఆస్తంతా ఆ పేరే.

ఆ ఏడు మృగశిరలో ఒక వాన పడింది. తెల్లారేసరికి ఊరి రైతు రాఘవేంద్ర వచ్చి తన చేనికి తోలుకపోయాడు. ఈరమ్మ వంగి మట్టిలోకి చెయ్యి దూర్చింది. మణికట్టు దాకా కూడా తడి లేదు. కింద నేల ఇంకా వెచ్చగానే ఉంది. నాలుగు రోజుల కిందటే రైతు వేదికలో వ్యవసాయ సారు, వానల తీరు మారింది, ఒక్క వానకు ఆగం కావద్దు, అరవై మిల్లీమీటర్లు పడ్డాకే విత్తండి అని కాగితాలు పంచాడు. మిల్లీమీటర్లంటే ఆమెకు తెల్వదు. సారు చెప్పేదీ తన చెయ్యి చెప్పేదీ ఒకటేనని మాత్రం తెలిసింది.

“ఇంకో వాన చూద్దాం బిడ్డా.”

రాఘవేంద్ర నవ్వాడు. పక్క చేండ్లోళ్లు విత్తుకుంటున్నారని, నిరుడు ఆగినోళ్లకు కార్తే దాటిపోయిందని అన్నాడు. “నీ చెయ్యి పడ్తే రాయి మీద గూడ మొలుస్తది పెద్దమ్మా.”

గొర్రుకు అప్పటికే పసుపు కుంకుమ పెట్టారు. పూజైన గొర్రు ముందు కాదంటే చేనికి కీడు. ఈరమ్మ పిడికెడు కందులు కండ్లకద్దుకుని జడ్డిగంలో వదిలింది.

మొలకలు లేచాయి, దువ్వెన పట్టినట్టే. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు చినుకు లేదు. మబ్బులు వచ్చినట్టే వచ్చి ఆత్మకూరు దిక్కు పోయేవి. మొక్కలు తలలు వాల్చి ఎండాయి. ఇరవై మూడో నాడు, ఏడాది వానంతా ఒక్క పూటలో కురిసి, సాళ్లతో సహా మట్టిని వాగులోకి ఈడ్చుకుపోయింది.

మళ్లీ విత్తే రోజు రాఘవేంద్ర గొర్రు ఈరమ్మ వాకిలి ముందు నుంచే పోయింది, ఆగలేదు. వెనక నెత్తిన విత్తనాల గంపతో పక్కూరి ఆడమనిషి. ఏంది బిడ్డా అని ఈరమ్మ అడిగితే అతడు ఎద్దుల దిక్కు చూశాడు.

“నీకు చెయ్యి నొస్తుందంట గద పెద్దమ్మా. జర పైలం.”

చెయ్యి నొస్తుందని ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు.

మూడో రోజు తన ఎకరంలో తానే మట్టిలోకి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా చల్లగా దిగింది. గిట్లాంటి పదును ఈ మూడేండ్లలో లేదు. చెయ్యి దులుపుకుని లేచి, విత్తనాల గంప కోడలు సుమన చేతికిచ్చింది.

“నువ్వుండంగ నేనేంది అత్తా?” అన్నది సుమన. జడ్డిగం ఆమె ఎన్నడూ పట్టలేదు.

“నాకు చెయ్యి నొస్తుంది,” అన్నది ఈరమ్మ.

ఎద్దులు కదిలాయి. సుమన వేళ్ల నుంచి కందులు ఒక దగ్గర కుప్పగా పడుతున్నాయి, ఒక దగ్గర సాలు ఉత్తగానే పోతున్నది. ఈరమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, సాలుకు దూరంగా నడిచింది.