నేను పట్టుకుంట, నువ్వు గుంజు

నిన్న పొద్దున వదిన ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ అన్న లేస్తలేడు."

గట్టిగా పిలవమన్నాను. అటునుంచి ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమైంది.

యాకుత్‌పురా నర్సింగన్న లేడు.

నాకు రాయడం రాదు. ఊరి బడి చదువు. కానీ నిన్న జరిగింది ఎవరికీ నోటితో చెప్పలేకపోయాను. అందుకని మన చేపల గ్రూప్‌లో రాస్తున్నాను. మీలో సగం మంది చేతుల్లో ఉన్న గాలం రాడ్‌లు ఆయన కట్టినవే.

కొత్తవాళ్ళకు తెలియదు. అన్న సర్కారీ కొలువు చేసి రిటైర్ అయ్యాడు. రైలు పట్టాల పక్కన ఇల్లు. ముందు గదిలో కూర్చుని రాడ్‌లు కట్టేవాడు. జర్దోజీ పనివాళ్ళ దగ్గర పట్టుదారం తెచ్చేవాడు. పిడికి మేక తోలు, సముద్రపు చేప తోలు. అన్నిటికంటే ఇష్టం పాము కుబుసం.

ఆ కుబుసాలు తెచ్చిచ్చేది నేను. మా జల్‌పల్లిలో కొత్త ప్లాట్లు, రాళ్ళ కుప్పలు. వెతికితే దొరుకుతాయి. నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక పిడికి అతికించేవాడు. మీద వార్నిష్ పడితే, పాము ఇప్పుడే వచ్చి కర్రకు చుట్టుకున్నట్టుండేది.

తల మాత్రం కోసేసేవాడు. కుబుసంతో పాటు కళ్ళ మీది పొర కూడా ఊడి వస్తుంది. చిన్న అద్దంలా ఉంటుంది.

దబీర్‌పురా నుంచి ఒకాయన వచ్చి తలతో సహా కట్టమన్నాడు.

"వద్దు భాయ్, సూస్తది."

"ఇడిసిన తోలు ఏం సూస్తదన్నా? మజాక్ చేస్తున్నవా?"

కట్టిచ్చాడు. కొన్నాళ్ళకు ఆయన ఆ రాడ్‌ను గోనెసంచిలో చుట్టుకుని వచ్చాడు.

"పక్కోళ్ళకు మస్తు పడుతున్నయ్. నా దిక్కు ఒక్కటి రాదు. మా ఇంటామె ఇది ఉన్న రూముల అడుగు పెడ్తలేదు. జర ఇప్పెయ్యన్నా."

అన్న నవ్వాడు. "రాడ్‌కు సూసేటిది కాదు భాయ్, పట్టుకునేటిది కావాలె."

నవ్వుతూనే ఆ తల మీద ముందు ఒక గుడ్డ కప్పాడు. తర్వాత కోశాడు.

ఆ గుడ్డ నేను మర్చిపోలేదు.

ఇంకొకటి చెప్పాలి.

గాలం తీగ దూరిపోయే రింగులను రాడ్‌కు నిలబెట్టేది ఆ పట్టుదారమే. ముడి ఉండదు. పోగు పక్కన పోగు చుట్టుకుంటూ పోయి, చివరి కొసను చుట్ల కిందికి దూర్చి ఒక్కసారి గుంజాలి. ఆ కొసను రాడ్ ఎవరిదో వాళ్ళతోనే గుంజించేవాడు అన్న. తాను బొటనవేలితో చుట్లను అదిమి పట్టేవాడు.

"నేను పట్టుకుంట, నువ్వు గుంజు" అనేవాడు.

అదిమి పట్టకపోతే చుట్లు జారి, అల్లిన జడ విప్పినట్టు విడిపోతాయి.

కొలువులో ఉన్నప్పుడు మిషన్‌లో ఇరుక్కుని ఆయన కుడి బొటనవేలి గోరు నిలువునా చీలింది. మళ్ళీ కలవలేదు. ఎక్కడ అదిమినా దారం మీద రెండు సన్నని గీతలు పడేవి. చెంచా వెనక వైపుతో రుద్ది వాటిని చెరిపేసేవాడు.

నా కోసం ఒక రాడ్ కడుతున్నాడు. ఎర్ర దారం, నేను తెచ్చిన కుబుసం. "అంత అయింది. ఆయితారం రా, కొస గుంజుదువు" అన్నాడు.

ఆదివారం ఇంకా రాలేదు.

నిన్న నేను వెళ్ళేసరికి అన్నను అరుగు మీద పడుకోబెట్టారు. కాళ్ళ బొటనవేళ్ళు, చేతుల బొటనవేళ్ళు దారంతో కట్టారు. పనులన్నీ వదిన వాళ్ళ అన్న చూస్తున్నాడు. ముందు గదిలో నా రాడ్ ఆయన కంటపడింది.

"సగంల ఉన్న పని ఇంట్ల ఉండొద్దు. అది గూడ బావెంబడి కట్టెల మీద పెట్టుండ్రి" అన్నాడు.

"అది తమ్మిది" అంది వదిన. "పో తమ్మీ. కొస గుంజుకో. సగం పని అని ఎవ్వలు అనరు."

గదిలోకి ఒక్కణ్ణే వెళ్ళాను.

చుట్లు చూశాను. నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు.

అదిమి పట్టడానికి ఎవరినైనా పిలవాలి. బయట అందరూ ఏడుస్తున్నారు. జారిందంటే అన్న చివరి పని నా చేతిలోనే విడిపోతుంది. కాల్చేస్తారు.

రాడ్‌ను మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఒక చెయ్యి పిడి మీద. ఒక చెయ్యి కొస మీద. చుట్ల మీద ఎవరి వేలూ లేదు.

రైలు వచ్చింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి.

"అన్నా, పట్టుకో" అన్నాను. అలవాటు.

గుంజాను.

కొస లోపలికి పోయింది. చుట్లు కదల్లేదు. ఒక్క పోగు కూడా జారలేదు. పైనుంచి ఎవరో అదిమినట్టు దారం లోపలికి నొక్కుకుంది.

రైలు పోయింది.

ఎర్ర దారం మీద రెండు సన్నని గీతలు. పక్కపక్కన.

అప్పుడే అరుగు మీద వదిన వాళ్ళ అన్న అరుపు వినబడింది.

"ఏళ్ళు గట్టిగ కట్టుమంటే గిట్లనా కట్టేది? సూడు, కుడి బొటనేలు ఊడొచ్చింది!"

"నేను గట్టిగనే కట్టిన మామా."

"ఏం కట్టినవ్? మల్ల కట్టు."

బయటికి వచ్చాను. అన్న ఎడమ బొటనవేలికి దారం అలాగే ఉంది. కుడిది విడిగా, పైకి లేచి ఉంది. చీలిన గోరు కనబడుతోంది.

పక్కన కూర్చుని ఆ రెండు వేళ్ళూ దగ్గరికి చేర్చాను.

ఈసారి నేను పట్టుకున్నాను. వాళ్ళు గుంజారు.

రాడ్ మా ఇంట్లో, గోడకు ఉంది. చెంచాతో రుద్దలేదు. వార్నిష్ వెయ్యలేదు. ఇవాళ పొద్దున కూడా చూశాను. గీతలు ఉన్నాయి.

నర్సింగన్నా, దారం బిగిసింది. ఎక్కడికీ జారదు.

ఇక వేలు తియ్యి. నిమ్మళంగా పండుకో.