ఏసుపాదం గారి పులుసు పాట

ఏసుపాదం గారు ఓడలరేవులో ఆటో నడుపుతారు. పాటలు సొంతంగా కడతారు. శనివారం సాయంత్రాలు అమలాపురంలో ఒక టీకొట్టు మేడమీది చిన్న గదిలో డప్పు పట్టుకుని పాడతారు. కుర్చీలు నిండిపోతే జనం మెట్లమీద కూర్చుంటారు. "మా ఆవిడ చేపల పులుసు, సముద్రమంత ఉప్పు" అనే పాట అందరికీ కంఠతా వచ్చు.

ఒక శనివారం ఆయన భార్య కృపావతి గారు చెప్పాపెట్టకుండా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆమెను చూడగానే ఆయన వేరే పాట అందుకున్నారు. జనం మాత్రం పులుసు పాటే కావాలన్నారు. తప్పక ఎత్తుకుని, "మా ఆవిడ చేపల పులుసు, అచ్చంగా అమృతం" అని పాడేశారు.

"అమృతం కాదండీ, ఉప్పండీ!" అని గదంతా అరిచింది.

కృపావతి గారు లేచారు. "ఆయ్, ఉప్పేనండి. కానీ ఆ పులుసు పెట్టింది నేను కాదండి. నాకు జొరమొస్తే ఈయనే పెట్టేరు. దగ్గర కూర్చుని మరీ తినిపించేరండి."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఏసుపాదం గారు సిగ్గుపడుతూనే "నేను పెట్టిన పులుసు" అని పాట మళ్లీ మొదలుపెట్టారు. తాళం కృపావతి గారే వేశారు.

ఇప్పుడు ఆవిడ ప్రతివారం వస్తున్నారు. పాట మీద ఇష్టంతోనో, ఆయన మీద అనుమానంతోనో ఎవరూ అడగలేదు.