రాజవ్వ మెస్సులో నా ఇన్సులిన్

గుజరాత్‌లో ఇప్పుడు నేనుంటున్న అమ్రోలిలో మా పక్కింటివాళ్లు పొద్దున్నే జొన్నరొట్టె తడుతున్న చప్పుడు వినిపిస్తే, సూది వేసుకోబోతున్న నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. రాజవ్వ గుర్తొస్తుంది. భర్త తాగి తాగి పోయాక, నేను మొదట పనిచేసిన బమ్రోలిలో మాలాంటి మరమగ్గాల కార్మికులకు మెస్సు నడిపి బతికిన మనిషి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మా అందరికీ చిన్నమ్మ. నోరు మంచిది కాదు, చేయి మంచిది.

నాకు పదిహేడేళ్లకే షుగర్ వచ్చింది. పెద్ద వయసులో వచ్చే రకం కాదు, టైప్ వన్. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు కాబట్టి తిండికి ముందు సూది వేసుకోవాల్సిందే. వేసుకున్నాక తినకపోతే షుగర్ పడిపోయి మనిషి కూలిపోతాడు. ఈ సంగతి కార్ఖానాలో ఎవరికీ చెప్పలేదు. రోగిష్టివాణ్ణి ఏ సేఠ్ పనిలో పెట్టుకుంటాడు? చిన్నమ్మకు మాత్రం చెప్పక తప్పలేదు. వాడుతున్న ఇన్సులిన్ నా సంచిలో ఉన్నా, మిగిలినది దాచుకోవడానికి ఫ్రిజ్ ఆమె దగ్గరే ఉంది మరి.

“గీ సీసా ఏంది కొడుకా, నా పెరుగు పక్కన?” అంది. విషయమంతా చెప్పి, “నేను చెమటలు పట్టి తూలితే జర చక్కెర పెట్టు చిన్నమ్మా” అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. “షుగరోనికి చక్కెరనా? తీపి చాయ్ తాగనీకి మంచి ఉపాయమే పన్నినవ్!” ఆ రోజు నుంచి నా చాయ్ చప్పబడిపోయింది. కంచం మాత్రం అందరికంటే ముందు నాకే పెట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం తిండికి వెళ్లబోతూ చాటుగా సూది వేసుకున్నాను. అంతలో సేఠ్ వచ్చి, సరుకు ఇవాళే పోవాలి, ఎవరూ మగ్గాలు ఆపొద్దన్నాడు. తినాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాసేపటికి కాళ్లు తేలిపోయాయి, మాట ముద్దయింది. “దారూ పీకే ఆయా హై! బాహర్ నికాలో!” తాగొచ్చాడు, బయటికి తీసుకెళ్లండని సేఠ్ అరిచాడు. గుజరాత్‌లో మందు నిషేధం. పోలీసులకు తెలిస్తే కార్ఖానా మీదికే వస్తుందని అతని భయం. తోటివాళ్లిద్దరు నన్ను మోసుకెళ్లి మెస్సులో దించారు. “చిన్నమ్మా, వీడు పొద్దుగాలనే మందేసిండు. జర పండనియ్” అన్నారు.

పండనిస్తే నేను లేచేవాణ్ణి కాదు. రాజవ్వ వంగి నా నోరు వాసన చూసిందట. “తాగుబోతుతోని ఇరవై ఏండ్లు కాపురం జేసిన, నాకు నేర్పుతున్నరా? వీడు తాగలే!” అని వాళ్లను కసిరి, చక్కెర నీళ్లు కొద్దికొద్దిగా మింగించింది. నేను తేరుకున్నాక అంది: “పోస్తె సస్తవో, పొయ్యకుంటె సస్తవో నాకేం ఎర్క? నువ్వు చెప్పిన మాటొక్కటే యాదికొచ్చింది. నా ఒక్కదానికన్న చెప్పినవ్ గనుక బతికినవ్.”

మరునాడు నా రెక్క పట్టుకుని కార్ఖానాకు లాక్కెళ్లింది. మగ్గాల మోతను మించిన గొంతుతో, వచ్చీరాని హిందీలో, “సేఠ్, ఏ దారూ నహీ పియా! ఇస్కో షుగర్ హై! టైమ్ పే ఖానా హోనా!” అని అరిచింది. తాగలేదని సేఠ్ నమ్మాడు. నమ్మి, జబ్బు మనిషి మాకొద్దని పంపించేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. “నా కడుపు కొట్టినవ్ చిన్నమ్మా” అని దారంతా తిట్టాను. ఆమె ఊరుకునే రకమా! “పనికేంది, ఈ గల్లీల పోతె ఇంకో గల్లీల దొరుకుతది. పానం దొరుకుతదా? ఇంకోపారి దాచినవో, నీ సీసలన్నీ బయట పారేస్త!” అంది. పని దొరికేదాకా తిండి మాత్రం ఆపలేదు. పని అడిగిన ప్రతిచోటా జబ్బు సంగతి ముందే చెప్పాను. రెండు చోట్ల వద్దన్నారు. మూడోచోట, “ఠీక్ హై, టైమ్ పే ఖా లేనా” అని, వేళకు తినమని చెప్పి పెట్టుకున్నారు.

ఇప్పుడు నేనే ఒక కార్ఖానాలో మగ్గాలనూ మనుషులనూ చూసుకునే మాస్టర్‌ని. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే చెబుతాను: “నేను తూలితే తాగిన అనుకోకుండ్రి. తెలివి ఉంటే చక్కెర పెట్టుండ్రి, లేకుంటే దవాఖానకు తీస్కపోండ్రి.” కొందరు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. పోయిన నెల మగ్గం పక్కనే కూలబడ్డాను. అందరికంటే ఎక్కువ నవ్విన మనిషే పరుగెత్తుకొచ్చి నా నోట్లో చక్కెర పోశాడు. లేచి కూర్చోగానే, ఈ సంగతి రాజవ్వకు చెప్పాలని ఫోన్ తీశాను. ఆమె పోయి మూడేళ్లయిందని, షుగర్ ఇంకా సరిగా ఎక్కని నా బుర్రకు కాసేపటికి గానీ గుర్తురాలేదు.