కొలతలక్క మేడ మీది వాటా

టులెట్ బోర్డు చూసి ఎవరైనా మెట్లెక్కుతున్నారంటే చాలు, కొలతలక్క నీళ్ల ట్యాంకు వెనక నక్కి, గొంతు మార్చి, "ఓనరు ఊళ్లో లేదండీ!" అని అరిచేదట. కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆవిడ బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు నిద్రలో కూడా తియ్యదు, అందుకే ఆ పేరు. ఇరవై రెండేళ్లు మిషను తొక్కింది. ఆ తొక్కుడు సైకిలు మీద తొక్కి ఉంటే భూగోళాన్ని నాలుగుసార్లు చుట్టొచ్చేది. అలా కూడబెట్టి, పక్క వీధిలో మేడ మీద రెండు గదుల వాటా కొంది. అద్దె వస్తుంటే, చూపు తగ్గాక ఒకరి ముందు చెయ్యి చాచక్కర్లేదని ఆశ.

కొనడమైతే కొంది గానీ, ఎవరికివ్వాలో తేల్చుకోలేకపోయింది. ఒకాయన మరీ తియ్యగా మాట్లాడాడని వద్దంది. ఒకావిడ అసలు మాట్లాడలేదని వద్దంది. కొత్త జంటకు సరేనని, వాళ్లు వీధి మలుపు తిరిగేలోపు పరిగెత్తి అడ్వాన్సు తిరిగిచ్చేసింది. ఏడు నెలలు గడిచాయి. గోడల రంగు మనిషి మొహం చూడకుండానే వెలిసిపోయింది.

ఎలక్ట్రీషియన్ పని చేసే ఆవిడ అన్నయ్యకు ఒళ్లు మండింది. "ఇల్లు కొన్నావా, మ్యూజియం పెట్టావా? నువ్వు తేల్చుకునేలోపు దానికి తల నెరుస్తుంది. అమ్మేయ్. ఆదివారం కొనేవాణ్ణి తీసుకొస్తున్నా."

శనివారం పొద్దున స్కూలు వ్యాను డ్రైవరొకడు వచ్చాడు. గుమ్మం దాటకుండానే మొదలుపెట్టాడు.

"ముందే చెప్తున్నా అక్కా. మా ఆవిడ ఎక్కువ రోజులుండదు. ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు డాక్టర్లు. ఇప్పుడుంటున్న గదిలో ఎదురుగా గోడే. వీధి కనపడే కిటికీ కావాలంటోంది. నలుగురు ఓనర్లు కాదన్నారు."

"చెప్పకుండా దిగిపోవచ్చుగా?"

"తనొప్పుకోదక్కా."

ఫోనులో అన్నయ్య లబలబలాడాడు. "ఇంట్లో మనిషి పోతే మళ్లీ ఎవరు దిగుతారే? రేపొచ్చేవాడు కూడా పారిపోతాడు!"

ఆవిడ మేడెక్కి, ఖాళీ గదిలో నేల మీద కూర్చుంది. ఏ కష్టమూ రాని మనుషుల కోసం ఏడు నెలలుగా చూస్తున్నానని అప్పుడు తట్టింది. తనైనా అలాంటి మనిషేనా? చాలాసేపటికి లేచింది. టేపు తీసి కిటికీ ఎత్తు చూసి, కింద ఎదురుచూస్తున్న డ్రైవరు దగ్గరికి దిగింది.

"మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టు తమ్ముడూ. లేకపోతే పడుకున్న మనిషికి ఆకాశమే కనపడుతుంది, వీధి కనపడదు," అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది.

పదకొండు వారాలు. వీధిలో పోయేవాళ్లను చెప్పుల చప్పుడును బట్టి పోల్చేదట ఆ ఇల్లాలు. పన్నెండో వారం మొదట్లో ఆ కిటికీ పక్కనే కన్నుమూసింది. ఆ రోజు కొలతలక్క మిషను ముట్టలేదు. నెల తిరక్కుండా డ్రైవరు ఖాళీ చేశాడు. ఆ గదిలో ఉండలేకపోయాడు.

మళ్లీ బోర్డు కట్టారు. ఒక నర్సు వచ్చింది. చనిపోయిన మనిషి సంగతి కొలతలక్క మొదటే చెప్పేసింది.

"నీళ్లొస్తాయా?" అంది నర్సు.

"వస్తాయి."

"అయితే చాలు."

తాళంచెవి ఇవ్వడానికి కొలతలక్క సూదిలో దారం ఎక్కించేంత సేపు కూడా తీసుకోలేదు. కొన్నేళ్లకు ఇంకో వాటా కొని, రెండు రోజుల్లో అద్దెకిచ్చేసింది.

మొన్న గౌను కుట్టించుకోడానికి వచ్చిన పక్కింటావిడ ఇదంతా నిజమేనా అని అడిగితే, కొలతలక్క నోట్లోంచి గుండుసూదులు తీసి పక్కన పెట్టింది.

"ఎవరే నీకు చెప్పింది? ఏడు నెలలేంటి, ఇటుకలేంటి? వాళ్లడిగారు, నేనిచ్చాను. అంతా కట్టుకథ. చెయ్యెత్తు, కొలవాలి."