కాడి కింద కుంటని ఎద్దు

నాకు ఒకచోట కూర్చోవడం రాదు. చిన్నప్పుడు మా అమ్మ "దీని కాళ్ళకు చక్రాలున్నయి" అని తిట్టేది. పశువుల డాక్టరుగా టేకులపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగీ తిరిగీ, యాభై దాటాక ఆ చక్రాలే అరిగిపోయాయి. పొద్దున లేవగానే మోకాళ్ళు పట్టేస్తాయి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే దారికొస్తాయి. ఇలాంటి నాకు ఒక ఎద్దు ఎప్పుడు చనిపోతుందా అని ఎదురుచూసే పని పడింది.

నాతో చదువుకున్న స్నేహితురాలు నగరంలో కీళ్ళ అరుగుదల మీద పరిశోధన చేస్తోంది. వాళ్ళ ప్రయోగశాలలో పడుచు ఎలుక మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే పట్టీని కోస్తారు. కొద్ది వారాల్లో ఆ కీలు అరిగిపోతుంది, దాని మీద మందులు పరీక్షిస్తారు. కానీ దెబ్బకు అరిగిన కీలు వేరు, వయసుతో అరిగిన కీలు వేరు అని ఆమె వాదన. మనుషుల ముసలి మోకాళ్ళు అర్థం కావాలంటే నిజంగా ముసలైన జంతువునే చూడాలంటుంది. "మీ వైపు ముసలి ఎద్దులుంటాయిగా. బతికినన్నాళ్ళు నడక గమనించు. దానంతట అది పోయాక మోకాలి కీలు తీసి పంపు" అంది.

చెప్పడం తేలికే. ముసలి ఎద్దును ఎవరు ఉంచుకుంటారు? అరకకు పనికిరాదనగానే సంతకు తోలేస్తారు. అడిగి అడిగి విసిగిపోయాక, అడవి అంచున ఒక కోయ ఇంట్లో దొరికింది. ఆ ఇంటి ముసలమ్మ దాన్ని అమ్మనివ్వలేదు. చస్తే తమ చేనులోనే పూడ్చాలని పట్టుబట్టింది. ఎద్దుతో కోయ భాషలో మాట్లాడేది, నాతో తెలుగులో.

ఆమెకు కీలు సంగతి చెప్పాను. "దానంతటది సచ్చినంకనే కద? జల్ది సావాలని సూది గిట్ల ఇయ్యవు కద?" అని అడిగింది. ఇవ్వనని ఒట్టేశాను.

నెలనెలా వెళ్ళి ఎద్దు నడుస్తుంటే ఫోనులో వీడియో తీసేదాన్ని. ఎద్దు అసలు మోకాలు వెనక కాలికి పైన, పొట్ట పక్కన ఉంటుంది. అక్కడ వాపు తడిమి చూసేదాన్ని. నేను స్కూటీ ఆపగానే ముసలమ్మ మొదలుపెట్టేది.

"ఇంక సావలే బిడ్డా. ఎద్దు పుండు కాకికి ముద్దంటరు. నిన్ను జూస్తె గదే యాదికొస్తది."

నవ్వేదాన్ని గానీ ఆ మాట గుచ్చుకునేది. తిరుగుదారిలో టేకు చెట్ల మధ్య బండి నడుపుతూ నా మీద నాకే చిరాకు పుట్టేది. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆ ఇంటి నుంచి కాదని తెలిస్తే నిరాశో, ఊరటో నాకే తెలిసేది కాదు.

అక్కడికి పోతూ ఉంటే ఇంకో సంగతి కంటబడింది. ముసలమ్మదీ అదే నడక. మంచం మీంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి లేచేది. ఎద్దును కట్టేసే గుంజ దాకా ఒంగి నడిచేది. అక్కణ్ణుంచి కాస్త సర్దుకునేది. అలా సర్దుకోవడమే ఆమె కొంప ముంచింది.

"పని తప్పిచ్చుకునుడే మేడం" అన్నాడు కొడుకు ఒకసారి, తల్లి వింటుండగానే. "పొద్దుగాల అబ్బా అమ్మా అంటది. అడివికి పోయినంక మంచిగనే తిరుగుతది, అందర్లెక్కనే తునికాకు కోస్తది. నొప్పుంటె కోస్తదా?"

అతను చెడ్డవాడు కాదు. ఆ ఊళ్ళో ఎద్దును చూసే పద్ధతే అది. కొట్టంలో కుంటితే లెక్కపెట్టరు. కాడి కట్టి నాలుగు చాళ్ళు తిప్పుతారు. కాడి కింద కుంటకపోతే ఆ ఎద్దుకు రోగం లేదు, బద్ధకం ఉంది. ఆ కొలతే తల్లికీ పెట్టాడు. పడుకుని లేచినప్పుడు పట్టేసి, నడిచేకొద్దీ సడలడమే అరిగిన కీలు లక్షణమని చెప్పాను. నా మోకాళ్ళ సంగతీ చెప్పాను. మర్యాదగా విన్నాడు. "దవాఖానల గోలీలు ఇచ్చిన్రు కద మేడం" అని లేచిపోయాడు. ముసలమ్మ నా వంక చూడలేదు. నొప్పి కన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడమే ఆమెను ఎక్కువ కుంగదీస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. కానీ పరాయి ఇంట్లో అంతకన్నా ఏం మాట్లాడతాను?

బీడీలు చుట్టే ఆ తునికాకు కోతలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున కొడుకే ఫోను చేశాడు.

"ఎద్దు పోయింది మేడం. బొంద తవ్వుతున్నం. అమ్మ నువ్వొచ్చేదాంక పూడ్చొద్దంటుంది."

ఎండలో కీలు తొందరగా పాడవుతుంది. ఐసు పెట్టె బండికి కట్టుకుని వెళ్ళాను. చేను గట్టున ఎద్దును పడుకోబెట్టి, నుదుట పసుపు, కుంకుమ పెట్టి ఉంచారు. ఎన్నో పశువులకు పోస్టుమార్టం చేశాను గానీ, చావు కోసం కాచుకున్న జీవాన్ని కోయడం ఇదే మొదలు. వెనక కాలు పట్టుకోవడానికి కొడుకు వచ్చి కూర్చున్నాడు. తోలు చీల్చి, కీలు విప్పాను.

ఎముక కొనల మీద తెల్లగా, మెత్తగా ఒక పొర ఉండాలి. అది సగానికి పైగా అరిగిపోయింది. ఎముకా ఎముకా ఒరుసుకుని, సన్నికల్లులా నున్నగా మెరుస్తున్నాయి. అంచుల్లో ఎముక గరుకుగా మొలకలు వేసింది.

మా మీద నీడ పడింది. ముసలమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"నా మోకాలు గూడ లోపట గిట్లనే ఉంటదా బిడ్డా?"

ఆమె మోకాలి ఎక్స్‌రేలేవీ నేను చూడలేదు. కానీ ఆ నడకను ఇన్ని నెలలుగా చూస్తున్నాను. "అవ్, అవ్వా. ఇంచుమించు గిట్లనే ఉంటది" అన్నాను.

కొడుకు వేలు చాపి ఆ నున్నటి చోటును ముట్టుకున్నాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"మొన్న పక్కింటి ఎద్దుతోటి జోడు కట్టి, పెంట తోలిన దీంతోటి" అన్నాడు మెల్లగా. "కుంటలే మేడం. బండి మంచిగనే గుంజింది."

ఇన్నాళ్ళూ ఆమె నోటితో చెబితే నమ్మనిది, ఎద్దు కీలు విప్పి చూపిస్తే నమ్మాడు. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కీలును తడిగుడ్డలో చుట్టి ఐసులో పెట్టాను.

"నువ్ కొడితివి, అది గుంజింది" అంది ముసలమ్మ. "నొప్పి లేక గుంజిందారా?"

కొడుకు తల దించుకుని, పట్టుకున్న ఎద్దు కాలును మెల్లగా నేల మీద ఆన్చాడు.

"రేపటి సంది నేను ఆకుకు రాను" అంది. ఎందుకో చెప్పలేదు.

"వద్దులే అమ్మా" అన్నాడతను.