నర్సవ్వకు చూపించిన మంచు

చేపల మార్కెట్లో చేప కొనకుండా, చేప కింద పరిచిన ఐసు మాత్రమే అడిగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నడుము దాకా తడిసి, పళ్ళు టకటకలాడుతూ, ఛాతీకి ఇంగ్లిషు దినపత్రిక ముద్దలు ముద్దలుగా అంటుకుని, చేతిలో థర్మోకోల్ పెట్టెతో నిలబడ్డవాడు నేనే.

“కౌన్సా మచ్లీ?” అన్నాడు చేపలమ్మే మలబారీ.

“మచ్లీ నహీ భాయ్. బర్ఫ్.”

“బర్ఫ్ కే ఊపర్ మచ్లీ?”

“ఖాలీ బర్ఫ్.”

అతను నన్నూ, నా నెత్తిన ఉన్న హెల్మెట్‌నూ, బయట నిలబెట్టిన మోటార్‌సైకిల్‌నూ వరసగా చూశాడు. “కిస్ కే లియే?” అన్నాడు.

“దిఖానే కే లియే,” అన్నాను. చూపించడానికి ఐసు అడిగేవాడితో ఇక మాటలు అనవసరమని తేల్చుకున్నాడు కాబోలు, పార అందుకున్నాడు. నిద్రపోతున్న ఒక వంజరం చేపను పక్కకు జరిపి, దాని పరుపంతా నా పెట్టెలో పోశాడు.

ఆ పెట్టెడు ఐసుతో ఒక పెద్దమనిషి ఇంటిదారిని ఎలా గడ్డకట్టించానో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పెద్దమనిషి పక్కన కూర్చుని మాత్రం నవ్వకండి.

నేను నిజామాబాదులో ఒక దినపత్రికకు చాలా ఏళ్ళు పనిచేశాను. కరోనా వచ్చి పత్రికలు పేజీలు తగ్గించుకున్నాయి. తగ్గిన పేజీల్లో నాది ఒకటి. అలా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఇనుప పనుల వర్క్‌షాపుకు స్టోర్ కీపర్‌గా చేరాను. వార్తలు పోయినా విలేకరి బుద్ధి పోలేదు. బోల్టులు లెక్కపెడుతూ కూడా వాటికి శీర్షికలు ఆలోచించేవాణ్ణి.

నా గదిలో కింది మంచం రాజేశన్నది. జగిత్యాల దగ్గరి పల్లె, వెల్డింగు పని. గల్ఫుకు వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనే మరిచిపోయాడు. ఆయనకిప్పుడు ఒకటే కోరిక, మళ్ళీ రాకుండా ఊరికి వెళ్ళిపోవాలని. ఆయన భార్య నర్సవ్వకూ ఒకటే కోరిక, మిద్దె మీద రెండో అంతస్తు లేచేదాకా ఆయన ఇక్కడే ఉండాలని. రోజూ రాత్రి బువ్వ తిన్నాక వీడియో కాల్‌లో ఈ రెండు కోరికలు కొట్టుకునేవి. మేం అన్నం కలుపుకుంటూ వినేవాళ్ళం.

“ఇగ నాతోని కాదు నర్సవ్వా. ఎండకు పానం పోతున్నది. వచ్చేస్త,” అనేవాడు రాజేశన్న.

“మరి జగిత్యాలల మేం మంచు మీద పండుకుంటున్నమా? మాకు లేదా ఎండ? రెండేండ్లు ఆగు. మీదికి లేపినంక రా.”

ఎండ గురించి ఆయన చెప్పని సంగతి లేదు. ఇనుప రాడ్ పట్టుకుంటే చెయ్యి దానికే అతుక్కుంటుందన్నాడు. నల్లా తిప్పితే చాయకు సరిపడా వేడినీళ్ళు వస్తాయన్నాడు. ఇవన్నీ నిజాలే. కానీ జగిత్యాలలో మే నెల గడిపిన మనిషిని ఎండ పేరు చెప్పి భయపెట్టడం, చేపకు నీళ్ళను చూపించి బెదిరించడం లాంటిది.

కరోనా తగ్గాక వచ్చిన చలికాలాల్లో ఒకదాంట్లో, ఒక శనివారం నాడు, రస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ కొండ మీద మంచు పడబోతోందని ఫోన్లన్నీ మోగిపోయాయి. రాజేశన్నకు దేవుడే కొత్త సాక్షిని పంపినట్టయింది.

“ఎండకాలం ఎండ సంపుతది, ఇప్పుడు మంచు గూడ పడుతున్నది నర్సవ్వా. గిసొంటి దేశంల మనిషి బతుకుతడా?”

“దుబాయ్ల మంచా? ఇయ్యాల మంచంటివి. రేపు ఒంటె గుడ్డు పెట్టిందంటవ్.”

“ఫోటో పంపుత సూడు.”

“ఫోటో నేను నమ్మ. మొన్న మా తమ్ముడు నన్ను ఫోన్ల చంద్రుని మీద నిలవెట్టిండు. నీ చేతుల పట్టుకొని, అది కరిగి నీళ్ళు కారేది సూపియ్యి. అప్పుడు నమ్ముత.”

“నమ్మితె రానిస్తవా?”

“సూద్దాం. ముందుగాల సూపియ్యి.”

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ రచన ఉండేది కాదు. ఫోనులోకి తల దూర్చి, “వదినా, రేపు ఈ పాటికి అన్న చేతుల మంచు ఉంటది. ఇది పత్రికోని మాట,” అన్నాను. పత్రికవాడి మాటకు ఉన్న విలువ తెలియని అమాయకురాలు కాబట్టి ఆమె సరేనంది.

రాజేశన్నకు ఆదివారం ఓవర్‌టైమ్. కనుక నేనే వెళ్ళాలి. షార్జాకు వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు బండి మీద పార్సిళ్ళు మోశాను, బైకు లైసెన్సు ఉంది. బండి మస్తాన్‌ది. మస్తాన్ పక్క వీధి గ్యారేజీలో మెకానిక్, నెల్లూరు అబ్బి.

“బండి ఇస్తాలే అన్నా. ముందు టైరు మాత్రం అరిగి నున్నగా ఉండాది. తడి మీద నిదానంగా పో.”

“మంచు మీద?”

“మంచు మీద బండి తోలినోణ్ణి నేను చూళ్ళేదన్నా. నువ్వు తోలొచ్చి చెప్పు, నేర్చుకుంటా.”

షార్జాలో నా దగ్గర స్వెట్టర్ ఎందుకు ఉంటుంది? మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేశాను. రాజేశన్న తన వెల్డింగు గ్లవుజులు ఇచ్చాడు. అవి తొడిగితే ఒక్కో వేలూ అరటిపండంత అయింది, బ్రేకు పట్టుకుంటే క్లచ్చు, హారను కూడా కలిసి వచ్చేవి. మిగిలింది ఛాతీ. మా నిజామాబాదులో తెల్లవారుజామున పత్రికల కట్టలు మోసే మోటార్‌సైకిల్ వాళ్ళు చొక్కా లోపల నాలుగు పేపర్లు దోపుకుంటారు. గాలి దూరదు. వృత్తి రహస్యం కదా అని నేనూ బఖాలా కిరాణా కొట్టు నుంచి లావుపాటి ఇంగ్లిషు పేపరు తెచ్చి, వాణిజ్య పేజీలు ముందు, క్రీడలు వెనక దోపుకున్నాను. వెనక సీటుకు బఖాలావాడు ఇచ్చిన థర్మోకోల్ పెట్టె కట్టాను. నడిస్తే చొక్కా లోపలి పేపరు పరపరమని చప్పుడు చేస్తోంది.

“ఎట్టుండానురా మస్తాన్?” అన్నాను, వాడి యాసలోనే.

“పెళ్ళికి పొట్లం కట్టిన అరిసెల మాదిరి ఉండావన్నా.”

రస్ అల్ ఖైమా దాకా ఏ ఇబ్బందీ లేదు. కొండ మలుపులు మొదలయ్యాక వాన మొదలైంది. పేపరు గాలిని ఆపుతుంది కానీ నీళ్ళను ఆపదు, తాగుతుంది. కాసేపటికి వాణిజ్య పేజీలు దోసెపిండిలా జారి బెల్టు దగ్గర ఆగాయి. చలి ఎంత ఉందంటే, నా మోకాళ్ళు నన్ను అడక్కుండా వాటంతట అవే తాళం వేస్తున్నాయి.

మొదటి వడగల్లు హెల్మెట్‌కు తగిలినప్పుడు ఎవరో పిలిచారనుకుని వెనక్కి చూశాను. తర్వాత ఊరంతా పిలిచింది. నెత్తిన డప్పుల మేళం పెట్టుకుని కొండెక్కుతున్నట్టుంది. చూస్తుండగానే రోడ్డు ఉప్పు పరిచినట్టు తెల్లబడింది. నిజం చెప్పాలంటే అది మంచు కాదు, రాళ్ళవాన. కానీ నేలమీద పేరుకున్న తెల్లనిదేదైనా మంచే అని నాలోని సబ్ ఎడిటర్ అక్కడికక్కడే దిద్దేశాడు.

ఆ తెలుపు మీద మోటార్‌సైకిల్ తోలడం గురించి మస్తాన్‌కు చెప్పాల్సింది నాకు అప్పుడే తెలిసింది: తోలడం ఉండదు. బండి తన ఇష్టం వచ్చినట్టు వెళుతుంది, మనం మర్యాదగా దాని మీద కూర్చోవాలి. నేను మనిషి నడిచేంత వేగంలో, ఎంతో నిదానంగా, అందరికీ సమయం ఇచ్చి మరీ పడిపోయాను. ఎదురుగా ఆగిన కారులో ఒక కుటుంబం ఉంది. ముందు వీడియో తీశారు. అది బాగా వచ్చిందో లేదో చూసుకున్నారు. ఆ తర్వాత లేపారు. ఫ్లాస్కులోంచి చాయ పోసి ఇచ్చారు, కాదనను. ఆ చాయ సగం నా వణుకుకే ఒలికిపోయింది.

పోలీసు వచ్చి, “సదీక్, ఊపర్ బంద్. యల్లా, వాపస్,” అంటూ పైదారి మూసేశారని, వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. నేను ఇంకా మోకాళ్ళ మీదే ఉండి, వెల్డింగు గ్లవుజులతో రోడ్డు మీది మంచు ఎత్తి పెట్టెలో నింపుకుంటున్నాను. అతను కాసేపు చూసి, “ఘర్ మే ఫ్రిజ్ నహీ హై?” అని అడిగాడు. ఉందన్నట్టు తలూపి, పెట్టె మూత నొక్కాను.

ఫోటో తీసుకోలేదా అంటారేమో. ఫోను లోపలి జేబులో వాణిజ్య పేజీలతో పాటు నాని, ఊపిరి వదిలేసింది.

కొండ దిగగానే ఎండ వచ్చింది. ఎంత చక్కటి ఎండ అంటే, వీపు కాగుతుంటే హాయిగా ఉండి, వెనక పెట్టె కూడా కాగుతోందని తట్టలేదు. పెట్రోలు బంకులో మూత తీసి చూస్తే లోపల నీళ్ళు, నీళ్ళలో పప్పులో ఉల్లిపాయ ముక్కల్లా నాలుగు గడ్డలు. మా వదినకు ఇచ్చిన మాట ఆ నీళ్ళలో తేలుతోంది. ఆ తర్వాత చేపల మార్కెట్. అక్కడ జరిగింది మీరు చూశారు.

గదికి చేరేసరికి నర్సవ్వ కాల్‌లో సిద్ధంగా ఉంది. వెనక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా చేరారు. అసలు సంగతి రాజేశన్నకూ మస్తాన్‌కూ గుమ్మంలోనే చెవిలో చెప్పాను. రాజేశన్న కళ్ళు మూసుకుని తెరిచి, “కానియ్యి,” అన్నాడు. మస్తాన్ ఫోను పట్టుకున్నాడు. రాజేశన్న దోసిలి నిండా ఐసు ఎత్తాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారాయి. అటువైపు నర్సవ్వ మొహం తెర నిండా వచ్చింది.

“గిది మంచేనా?”

“మంచే.”

“గా ఎర్రగ పొడుగ్గ ఉన్నదేంది?”

చూస్తే రొయ్య మీసం. రాజేశన్న బొటనవేలు దాని మీదికి జరిగింది. “గుట్ట మీది గడ్డక్కా,” అన్నాడు మస్తాన్, రెప్ప ఆర్పకుండా.

“నిజంగనే పడ్డదా తమ్మీ?” అని నన్ను అడిగింది. “చలి ఎట్లున్నది?”

రాజేశన్న నా వైపు చూశాడు. చలికి చచ్చిపోతున్నాం, అన్నను వెంటనే పిలిపించుకోండి అనాలి. అంతే. ఒక్క వాక్యం. కానీ ఎన్నో ఏళ్ళ తర్వాత నా వార్తకు ఇంతమంది శ్రోతలు దొరికారు. వర్ణన తన్నుకొచ్చింది.

“ఏం చెప్పమంటరు వదినా, కశ్మీరు లెక్క ఉన్నది. గుట్టంత పాల నురుగు పరిచినట్టు. చల్లటి గాలి. చాయ తాగుకుంట నిలవడితె పానం లేచొస్తది. గదిల ఫ్యాన్ గూడ వేస్తలేం.”

రాజేశన్న నా కాలు తొక్కాడు. వర్ణన బాగుందని మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

“అట్లనా,” అంది నర్సవ్వ. ఆమె గొంతులో మొదటిసారి నమ్మకం పలికింది. “నమ్మిన. నువ్వు అబద్ధమాడతలేవు.” తర్వాత మొగుడి వైపు తిరిగింది. “మరింకేంది. ఎండకు పానం పోతున్నదంటివి. చల్లవడ్డది గద. నిమ్మలంగ ఇంకో రెండేండ్లు ఉండు.”

రాజేశన్న చేతుల్లోని ఐసు జారి కింద పడింది. అటువైపు ఆడవాళ్ళలో ఎవరో, “అదృష్టం నర్సక్కా, మీ ఆయనకు చల్లటి దేశం దొరికింది,” అంటున్నారు. కాల్ కట్టయింది.

కింద పడ్డ గడ్డలు ఏరుతూ మస్తాన్, “పెద్దాయనా, అది చేపల ఐసని నిజం చెప్పేద్దామా?” అన్నాడు.

“చెప్తె,” అన్నాడు రాజేశన్న, చేతులు లుంగీకి తుడుచుకుంటూ, “ఎండ గూడ అబద్ధమేనంటది.”

ఆ రాత్రి గదంతా వంజరం వాసన. ఎండలు ముదిరాక జగిత్యాల నుంచి వచ్చిన ఒకాయన ఒక మూట తెచ్చి ఇచ్చాడు. విప్పితే నల్లటి గొంగడి. చలికి జాగ్రత్తగా ఉండమని నర్సవ్వ పంపింది. రాజేశన్న దాన్ని మడిచి నా మంచం మీద పెట్టాడు.

ఇందుమూలంగా సమస్త పాఠకులకు తెలియజేయడమేమనగా: ఇకపై నేను ఎవరి కోసమూ మంచు మోయను, ఉన్న చలికి ఒక్క విశేషణం కూడా చేర్చను, మోటార్‌సైకిల్ మీద కొండ ఎక్కను, భార్యాభర్తల వీడియో కాల్‌లో తల దూర్చను. ఇది పత్రికోని మాట కాదు, స్టోర్ కీపర్ మాట. నమ్మవచ్చు.

రాజేశన్న ఇంకా కింది మంచం మీదే ఉన్నాడు. ఆ రెండేళ్ళు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో నర్సవ్వ ఇంతవరకు చెప్పలేదు.